పాత కంప్యూటర్‌పై కొత్త ఆటలు: ఖర్చు ఏ భాగానికి పెట్టాలి?

ప్రశ్న: 2015లో మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాం. ఇంటెల్ ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసిన మా అబ్బాయి దానిమీద వాలరెంట్, జీటీఏ 5 ఆడుతున్నాడు. సైబర్‌పంక్ 2077 కూడా ఆడాలనీ, రాబోయే జీటీఏ 6కు ఇప్పటినుంచే సిద్ధం కావాలనీ అంటున్నాడు. ఐ7 ప్రాసెసర్, మరో 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వేసి, విండోస్ 11 ఎక్కించి ఇస్తామని దుకాణంవారు చెబుతున్నారు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె ఫొటో కూడా పంపుతున్నాను. ఈ ఖర్చు పెట్టమంటారా, కొత్తది కొనమంటారా?
— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: దుకాణంవారు సూచించిన నాలుగింటిలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే సరైన కారణం ఉంది, అది కూడా కొన్ని షరతులతో. పాత కంప్యూటర్ విషయంలో నేను చూసేది ఒకటే: రేపు ఈ క్యాబినెట్ నుంచి విప్పి కొత్త దానిలో బిగించుకోగల భాగానికి డబ్బు పెట్టవచ్చు, ఈ మదర్‌బోర్డుతోపాటే మూలపడే భాగానికి పెట్టకూడదు.

ముందు ప్రాసెసర్ సంగతి చూద్దాం. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు, అంటే సాకెట్, ఎల్‌జీఏ 1150 రకానిది. దానిలో కూర్చునే ఐ7-4790 కూడా మీ ఐ5 లాగే 2014 నాటిది. రెండింటిలోనూ నాలుగు కోర్లే ఉన్నాయి. కాకపోతే ఐ7 ఒకేసారి ఎనిమిది థ్రెడ్లను (పనుల వరుసలను) నడుపుతుంది, మీది నాలుగింటినే నడుపుతుంది. కొన్ని ఆటల్లో ఈ తేడా తెలుస్తుందన్నది నిజమే కానీ, అది ఇప్పుడు చాలావరకు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది, తర్వాత వచ్చిన బోర్డులు వేటిలోనూ పట్టదు. మీ బోర్డు వాడే డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్‌దీ అదే దారి. డీడీఆర్4, డీడీఆర్5 స్లాట్లలో అది దిగదు. అయితే ర్యామ్ విషయంలో ఒక చిన్న మినహాయింపు ఇస్తాను. మీ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే, రెండో స్లాట్‌లో అలాంటిదే ఒక పాత స్టిక్ తక్కువ ధరకు దొరికితే వేయించండి. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి, రెండు స్టిక్కులు కలిసి పనిచేసినప్పుడు ఆట నడకలో తేడా కంటికే కనిపిస్తుంది. హెచ్81 బోర్డుకు 16 జీబీయే గరిష్ఠ పరిమితి అని కూడా గుర్తుంచుకోండి. అంతకు మించి, కొత్త భాగాల ధరకు దగ్గరగా బిల్లు వేస్తే మాత్రం అది చారాణా కోడికి బారాణా మసాలా అవుతుంది.

ఇక విండోస్ 11. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి ఆడే ఆటకే ఎసరు వచ్చేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 11కు అర్హమైనవిగా ప్రకటించిన ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతాయి, మీది నాలుగో తరం. ఐ7 వేసినా తరం మారదు. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కూడా ఉండాలి. దుకాణాల్లో ఈ తనిఖీలను దాటవేసి విండోస్ 11 ఎక్కిస్తారు, రోజువారీ పనులకు అది నడుస్తుంది కూడా. కానీ వాలరెంట్‌తోపాటు వచ్చే వాన్‌గార్డ్ అనే మోసాల నిరోధక ప్రోగ్రాము, విండోస్ 11పై ఈ రెండు ఏర్పాట్లు ఉన్నాయో లేదో చూస్తుంది. లేకపోతే వాన్ 9001 అనే ఎర్రర్ చూపించి ఆటను తెరవనివ్వదు. ఇప్పుడు విండోస్ 10పై సాగుతున్న ఆట, డబ్బిచ్చి చేయించుకున్న మార్పుతో ఆగిపోయే ప్రమాదం ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట వాస్తవమే. అయినా ఇళ్లలో వాడేవారికి భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ వరకు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే దీనికి నమోదు చేసుకోవచ్చు. మీ కంప్యూటర్‌కు ఇది ఒక విధంగా గడువు తేదీ అనుకోండి. ఆ తర్వాత బ్యాంకు పనులకు దానిని వాడకపోవడం మంచిది.

ఆటల వారీగా చూస్తే లెక్క ఇంకా తేలికగా తెగుతుంది. వాలరెంట్ తక్కువ స్తోమత ఉన్న కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ఆట. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ దాని కనీస అవసరాన్ని దాటే ఉంది. జీటీఏ 5 కంప్యూటర్లకు వచ్చింది 2015 ఏప్రిల్‌లో. ఒక మాదిరి గ్రాఫిక్స్ కార్డు పెడితే మీ ఐ5 మీదే అది హాయిగా నడుస్తుంది. సైబర్‌పంక్ సంగతి వేరు. 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్ నాటికి దాని కనీస అవసరాలను పెంచారు: ఐ7-6700 ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్, 6 జీబీల జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, వీటితోపాటు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే నిల్వ పరికరం). అంటే దుకాణంవారు చెప్పినవన్నీ వేయించిన తర్వాత కూడా ఆ ఆట తయారీదారులు గీసిన గీతకు మీ ప్రాసెసర్ కిందనే ఉంటుంది. ఆట అసలు తెరుచుకోదని కాదు, రద్దీ వీధుల్లోకి వెళ్లినప్పుడల్లా ఆగి ఆగి సాగుతుంది. జీటీఏ 6కు సిద్ధం కావడమనే మాటను మాత్రం పక్కన పెట్టేయండి. దానిని ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ కన్సోళ్లకే. జీటీఏ 5 సైతం కన్సోళ్లకు 2013 సెప్టెంబరులో వస్తే, కంప్యూటర్లకు రావడానికి ఏడాదిన్నర దాటింది. కంప్యూటర్లకు ఎప్పుడు వస్తుందో కూడా తెలియని ఆట కోసం ఇవాళ గ్రాఫిక్స్ కార్డు కొనడంలో అర్థం లేదు.

మీరు పంపిన ఎస్ఎంపీఎస్ ఫొటో చాలా ఉపయోగపడింది. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కానీ కింద ఉన్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి దగ్గర 16 ఆంపియర్లు అని రాసి ఉంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా విద్యుత్తు తీసుకునేది ఈ 12 వోల్టుల లైను నుంచే. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు వస్తాయి. మీ చేతిలో నిజంగా ఉన్నది అంతే. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌లలో చాలావాటి పరిస్థితి ఇదే. 185 వాట్లు తాగే ఆర్ఎక్స్ 580 లాంటి పాత కార్డును తక్కువకు వస్తోందని దీనికి తగిలిస్తే, ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడం దగ్గర మొదలై మదర్‌బోర్డు కాలిపోవడం దాకా ఏదైనా జరగవచ్చు. కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కొనదలిస్తే, పేరున్న సంస్థ తయారుచేసిన 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను దానితోపాటే కొనండి. అది తర్వాతి కంప్యూటర్‌లోకీ వస్తుంది.

కార్డు ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. హెచ్81 బోర్డులోని గ్రాఫిక్స్ స్లాట్ పాత పీసీఐఈ 2.0 రకానిది. ఆర్ఎక్స్ 6400 వంటి కార్డులు నాలుగు లేన్ల (బోర్డుకూ కార్డుకూ మధ్య సమాచారం నడిచే దారుల) మీదే పనిచేస్తాయి కనుక, కొత్త బోర్డులో చూపిన వేగాన్ని మీ దాంట్లో చూపలేవు. ఎనిమిది లేన్లు వాడుకునే 6 జీబీల ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. మీకు తగినది అదేనని నా అభిప్రాయం. మీ మానిటర్ వీజీఏ కేబుల్‌తో మాత్రమే పనిచేసే రకమైతే, ఈ కార్డులకు ఆ పోర్టు ఉండదు కనుక హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ తీసుకోవలసి వస్తుంది.

ఇంతకూ నేనైతే ఏం చేస్తానంటారా? ప్రస్తుతానికి 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒక్కటి వేయించి, విండోస్‌ను, ఆటలను దానిమీదికి మారుస్తాను. పదేళ్లు తిరిగిన హార్డ్ డిస్క్‌ను అందులో పేరుకున్న ఫొటోల కోసం అలాగే ఉంచుతాను. ప్రాసెసర్ ఫ్యాన్ విప్పి దుమ్ము దులిపించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పిస్తాను. వేసవిలో ఆట మధ్యలో వేగం పడిపోతుంటే, వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదించడం దానికి తరచూ కారణమవుతుంది. అంతకు మించి మీ అబ్బాయికి ఇంజినీరింగ్ సీటు ఎక్కడ వస్తుందో తేలేదాకా ఆగుతాను. హాస్టల్‌కు వెళ్లవలసి వస్తే ఎలాగూ ల్యాప్‌టాప్ కొనక తప్పదు, అప్పుడు ఈ గ్రాఫిక్స్ కార్డు ఇంట్లో ఎవరికీ పనికిరాకుండా ఉండిపోతుంది. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లేటట్టయితే ముందు ఎస్ఎంపీఎస్, ఆర్‌టీఎక్స్ 3050 కొని ఇందులోనే వాడుకోండి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఈ మూడింటినీ తర్వాత కలిపి మార్చవచ్చు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో ఇళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. కొత్త కంప్యూటర్‌కు తొందరపడకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ప్రశ్న: నా దగ్గర 2018లో కొన్న రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నాయి. మొత్తం అమ్మేసి కొత్తది కొనడమే నయమని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కానే కాదు. పై పాఠకుడి కంప్యూటర్‌కూ మీదానికీ మధ్య తేడా వయసులో కన్నా సాకెట్‌లో ఎక్కువ ఉంది. మీ బోర్డులోని ఏఎం4 సాకెట్‌ను ఏఎండీ సంస్థ ఏళ్ల తరబడి కొనసాగించింది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా బయోస్‌ను (బోర్డులోని ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌ను) అప్‌డేట్ చేస్తే మీ బోర్డులోనే కూర్చుంటుంది. ర్యామ్ మార్చనక్కర్లేదు; ఇప్పటి ధరల్లో అదే పెద్ద ఆదా. మీ ప్రాసెసర్ విండోస్ 11 అర్హుల జాబితాలోనూ ఉంది.

అయితే ముందు మార్చవలసింది ప్రాసెసరా, కార్డా అన్నది మీరే పరీక్షించి తేల్చుకోవచ్చు. మీరు ఎక్కువగా ఆడే ఆటను నడుపుతూ టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం 95 శాతానికి పైనే నిలకడగా ఉంటే అడ్డుపడుతున్నది కార్డు. తర్వాత ఆటలో రిజల్యూషన్‌ను 1280 బై 720కు తగ్గించండి. సెకనుకు వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్య దాదాపు పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉన్నట్టు. ఫుల్ హెచ్‌డీలో 1050 టీఐ ఉన్నవారికి సాధారణంగా మొదటిదే కనిపిస్తుంది. పైగా ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు విడుదల చేయడాన్ని ఎన్విడియా సంస్థ 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇక వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ వంటి ఆటలైతే రే ట్రేసింగ్ (వెలుగునీడలను సహజంగా చూపే పద్ధతి) సదుపాయం లేని కార్డుపై అసలు నడవవు.

కార్డును సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే, డబ్బు ఇచ్చే ముందే దానిని అమ్మేవారి కంప్యూటర్‌లో పెట్టించి జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాముతో చూడండి. పాత కార్డుకు కొత్త పేరు అంటించి అమ్మే మోసాలు ఉన్నాయి. ఎన్విడియా కార్డుల్లో అలాంటివాటిని ఈ ప్రోగ్రాము నకిలీ అని గుర్తిస్తుంది. క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు కూడా మార్కెట్‌లో ఉన్నాయి కాబట్టి, కనీసం అరగంటసేపు ఆట ఆడి ఫ్యాన్ల చప్పుడు, వేడి గమనించాలి. బయోస్ అప్‌డేట్‌ను మాత్రం కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. మధ్యలో ఆగితే బోర్డు తిరిగి లేవకపోవచ్చు. ఇన్వర్టరో యూపీఎస్సో ఉన్న చోట చేయండి, లేదా దుకాణంలో చేయించండి. కొత్త ప్రాసెసర్ పెట్టకముందే, పాతది ఉండగానే ఆ పని పూర్తి కావాలి.

ప్రశ్న: ఆరేళ్ల క్రితం కొన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేయించి ఆటలు ఆడవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వీలు కాదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికించి ఉంటుంది. మీరు మార్చగలిగింది ఎస్ఎస్‌డీ. మోడల్‌ను బట్టి ర్యామ్ కూడా మార్చవచ్చు. వెనుక మూత విప్పించి ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూడండి; ఉంటే ఒక స్టిక్ జోడిస్తే వాలరెంట్ వంటి తేలికైన ఆటలు మెరుగుపడతాయి. అయితే అది కార్యాలయంవారు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే, మూత విప్పే ముందు అక్కడి ఐటీ విభాగం అనుమతి తీసుకోండి.