పాఠకుల ప్రశ్నలు: కవచ్ వస్తే సిబ్బందిని తగ్గించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు కాజీపేట దగ్గర గ్యాంగ్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కాలంలో గ్యాంగులో ఉన్నంత మంది ఇప్పుడు కనిపించడం లేదు. వందే భారత్ రైళ్లు, ప్రమాదం ఎదురైతే రైలును తానే ఆపే కవచ్ పరికరాలు వచ్చాక రైల్వేకు ఇంత మంది అక్కర్లేదని మిత్రులు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మీ మిత్రుల మాటలో కొంత నిజం ఉంది. 1990–91 నాటికి భారతీయ రైల్వేలో సుమారు 16.5 లక్షల మంది ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 12 లక్షలకు అటూ ఇటూగా ఉంది. ఆవిరి ఇంజన్లతోపాటు బొగ్గు వేసే ఫైర్‌మన్ పని పోయింది. 2002లో ఇంటర్నెట్ టికెట్లు మొదలయ్యాక కౌంటర్లపై భారం తగ్గుతూ వచ్చింది. సిగ్నళ్లను, పట్టాలు మళ్లించే పాయింట్లను కంప్యూటర్ ద్వారా నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చిన స్టేషన్లలో లీవర్లు లాగే క్యాబిన్‌మెన్ అవసరం లేదు. ఈ పోస్టులు పోయినందుకు విచారించాల్సిన పని లేదు.

అయితే పాత పద్ధతి పూర్తిగా పోయాక వేసే లెక్క వేరు, పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తున్న కాలపు లెక్క వేరు. మన రైల్వే ఇప్పుడు ఈ రెండో స్థితిలో ఉంది. రైళ్లను ఆపకుండానే సిగ్నళ్లు, గేట్లు, పట్టాలు మార్చుకుంటూ పోవాలి కనుక, ఈ దశలో నైపుణ్యం గల సిబ్బంది మునుపటికంటే ఎక్కువే కావాలని నా అభిప్రాయం.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పక్కనున్న లూప్ లైన్‌లోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నప్పుడు 290 మందికి పైగా చనిపోయారు. లెవెల్ క్రాసింగ్ గేటుకు కొత్త ఎలక్ట్రిక్ బారియర్ అమర్చే పనిలోనూ, అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పులలోనూ దొర్లిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. ఉన్నా, మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నల్ చూపిస్తూ పాయింటు మాత్రం లూప్ లైన్ వైపు ఉన్నప్పుడు, సిగ్నల్‌ను నమ్మి పనిచేసే పరికరం చేయగలిగింది తక్కువ. వైరు కలిపిన తరువాత దానిని మరొకరు పరీక్షించి సంతకం చేసే తీరిక, శిక్షణ ఉండటమే అక్కడ అసలు రక్షణ. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపానీ దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు రైలు వెనుక నుంచి ఢీకొన్న ఘటనలో కూడా, ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయనప్పుడు ఏమి చేయాలన్న దానిపై లోకో పైలట్లకు (రైలు డ్రైవర్లకు), స్టేషన్ మాస్టర్లకు తగిన శిక్షణ అందలేదని విచారణ ఎత్తిచూపింది.

కవచ్ విలువను నేను తక్కువ చేయడం లేదు. అది తొలి అడుగులు వేసింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2016లో ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు మొదలై, 2020లో జాతీయ వ్యవస్థగా ఎంపికైంది. లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటబోతే అది తానే బ్రేకు వేస్తుంది. కానీ పట్టాల మధ్య రైలు ఉన్న చోటును తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, రేడియో టవర్లు, స్టేషన్లోనూ ఇంజన్లోనూ పరికరాలు అన్నీ కలిస్తేనే కవచ్ అవుతుంది. పట్టా మరమ్మతులో ట్యాగు ఊడినా, పిడుగుపాటుకు పరికరం చెడినా వెళ్లి సరిచేసే సిగ్నల్ మెయింటెయినర్లు చాలినంత మంది ఉండాలి.

ఇక మీ నాన్నగారి పని. పట్టాల కింది కంకరను (బ్యాలస్టును) సర్దే ట్యాంపింగ్ యంత్రాలు వచ్చిన మాట నిజమే. కాని వదులైన క్లిప్పును, వెల్డింగ్ దగ్గర మొదలైన సన్నని పగులును నడుస్తూ గమనించే కీమ్యాన్ పనిని ఆ యంత్రం చేయదు. మన ఎండాకాలంలో వేడికి పట్టా వంకరపోకుండా చూసే గస్తీ కూడా మనుషులదే. 2022లో సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. వేగం పెరిగేకొద్దీ పట్టా మీద పనిచేసేవారికి పక్కకు తప్పుకునే వ్యవధి తగ్గుతుంది, రైళ్లు పెరిగేకొద్దీ మరమ్మతుకు ‘బ్లాక్’ (రైళ్లు ఆపి పని చేసుకునే సమయం) దొరకడం కష్టమవుతుంది. గ్యాంగ్‌మ్యాన్‌ను ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. పేరు మారినంత మాత్రాన భుజం మీది పనిముట్ల బరువు తగ్గలేదని మీ నాన్నగారికి నేను చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు భారీగా ప్రకటించారు కదా, కొరత తీరినట్టేనా?
– ఒక ఉద్యోగార్థి, విజయనగరం

జవాబు: వెంటనే తీరదు. 2024 జనవరిలో ప్రకటించిన 5,696 పోస్టులను అదే ఏడాది జూన్‌లో 18,799కి పెంచారు. కొన్ని నెలల్లోనే లెక్క మూడింతలు దాటిందంటే ముందుచూపు ఎంత ఉందో మీరే ఊహించవచ్చు. రెండు దశల రాతపరీక్ష, ఆప్టిట్యూడ్ పరీక్ష, కఠినమైన కంటిచూపు పరీక్ష దాటి, శిక్షణ ముగించుకున్న తరువాతే అభ్యర్థి ఇంజన్ ఎక్కుతాడు. అక్కడి నుంచి షంటింగ్, గూడ్సు, ప్యాసింజర్ అంచెలు దాటి ఎక్స్‌ప్రెస్ రైలు నడపడానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా అనుభవజ్ఞులు రిటైరవుతూనే ఉంటారు. కొన్నేళ్లకొకసారి వేలల్లో కాకుండా ఏటా ఖాళీ అయినన్ని పోస్టులను ఏటా నింపితేనే ఈ అంచెలు తెగకుండా ఉంటాయి. 2024లో రైల్వే ప్రకటించిన వార్షిక నియామకాల క్యాలెండర్ ఉద్దేశం కూడా అదే కనుక, మీరు ఈసారి ఎంపిక కాకపోయినా సన్నద్ధత మానవద్దు.