ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే ముందు

చి.ల.సౌ. శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. మీ ఊళ్లో కెమికల్ ఫ్యాక్టరీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడిందనీ, ఊరు రెండుగా చీలిపోయిందనీ రాశావు. కంపెనీ వస్తే బాగుపడతామని కొందరు, నాశనమైపోతామని కొందరు. చదువుకున్న పిల్లవని మైకు నీ చేతికిస్తామంటున్నారట. "అసలు పెద్ద కంపెనీలు సమాజానికి మంచివా, చెడ్డవా? నేనేం మాట్లాడాలి మావయ్యా?" అని అడిగావు. సర్పంచిగా ఉన్నప్పుడూ, దిగిపోయాకా ఇలాంటి సభలు చాలా చూశాను. నాకు తెలిసింది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆ ప్రశ్నకు మైకు ముందు జవాబు చెప్పకు. చెప్పిన మరుక్షణం నువ్వు ఒక వర్గం మనిషివైపోతావు, ఆ తర్వాత నువ్వేం అడిగినా రెండో వర్గం వినదు. కానీ నీకు మాత్రం ఆ జవాబు తెలిసి ఉండాలి, అందుకే పాత సంగతి కొంచెం చెబుతాను.

మన గోదావరి డెల్టాకి కంపెనీలు కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ నర్సాపురం పక్కన మాధవాయపాలెంలో, ఇంజరంలో, బండమూర్లంకలో కొఠీలు, అంటే వ్యాపార కేంద్రాలు, పెట్టి బట్ట కొనేది. నేతగాళ్లకు ముందుగా డబ్బిచ్చి ఆ అప్పు కింద కట్టిపడేసేది. ఇంగ్లండు మిల్లు బట్ట చవకయ్యాక కొనడం మానేసింది, మగ్గాలు మూలపడ్డాయి. ఆ వెనకే 1832-33లో నందన కరువు. జనం చచ్చిపోయారు, వలస పోయారు, కంపెనీకి రావాల్సిన శిస్తు పడిపోయింది. అప్పుడు కదిలారు. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి చేత రిపోర్టు రాయించారు. ఆర్థర్ కాటన్ లెక్కలు మళ్లీ మళ్లీ రాసి పైవాళ్లను ఒప్పిస్తే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. మనం కాటన్ దొర విగ్రహానికి దండలేస్తాం, వెయ్యాల్సిందే. కానీ ఆ దొర ఆ కంపెనీ సైన్యంలో ఇంజనీరే. బట్ట దగ్గర మనల్ని ముంచిందీ, నీళ్ల దగ్గర బతికించిందీ ఒకటే కంపెనీ. మధ్యలో దాని మనసేమీ మారలేదు. ఆనకట్ట కడితే శిస్తు పెరుగుతుందన్న లెక్క తేలింది, ఆ లెక్కని మొండిగా ముందు పెట్టినవాడు ఒకడున్నాడు. అంతే.

నా అభిప్రాయం అక్కడి నుంచి వచ్చిందే. కంపెనీ తన లాభం ఎటుంటే అటు నడుస్తుంది. అందులో మనకి మేలు కలుస్తుందా, దాని ఖర్చు మన నెత్తిన పడుతుందా అన్నది చట్టం, అధికారి, ఊరు ఎంత గట్టిగా అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పటి సంగతికొస్తే, కంపెనీల్ని తిట్టిపోసేవాళ్లతో నేను కలవలేను. 2011లో కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కాక ఖరీఫ్‌కి క్రాప్ హాలిడే ప్రకటించారు. పొలం బీడు పెట్టుకోవాలంటే రైతు మనసు ఎంత విరిగిపోవాలి! 2009లో దేశంలోకి వనామీ రొయ్య వచ్చాక, మేత కంపెనీలూ ప్రాసెసింగ్ ప్లాంట్లూ ఎగుమతిదారులూ ఉండబట్టే భీమవరం చుట్టుపక్కల ఇన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. ప్లాంట్లలో రొయ్యలు వలిచే ఆడవాళ్ల జీతంతో పిల్లల ఫీజులు కట్టిన ఇళ్లు నాకు తెలుసు.

అయితే రొయ్యల పట్టుబడి రోజు చెరువు గట్టు మీద నిలబడి చూడు. తెల్లారకుండానే వల లాగి రొయ్యని ట్రేల్లో పోస్తారు. కొనేవాళ్ల మనిషి కేజీ తూచి, ఒక్కొక్కటీ పక్కకు వేస్తూ లెక్కపెడతాడు. కేజీకి ఎన్ని తూగితే అదే కౌంట్, దాన్ని బట్టే రేటు. నాలుగు రొయ్యలు ఎక్కువొస్తే రేటు దిగిపోతుంది. రైతు ఒప్పుకోక ఏం చేస్తాడు? పైకి లాగిన రొయ్య మళ్లీ చెరువులోకి పోదు, ఎండెక్కితే మెత్తబడుతుంది, మేత బాకీ ఏజెంటు పుస్తకంలో ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు పై నుంచి ఒక్కొక్కరూ తమ భారం కిందకి దించుకుంటూ వచ్చారు, అది చివరికి ఆ గట్టు మీద ఆగింది. అందుకే ఏ బేరమైనా వల వెయ్యకముందే తేల్చుకోవాలి. మీ సభ వల వెయ్యడానికి ముందు రోజు లాంటిది. పర్మిషన్ వచ్చాక మన మాటకి ఇంత బలం ఉండదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఫ్యాక్టరీ వల్ల గాలికీ నీళ్లకీ ఏమవుతుందో కంపెనీ రాయించిన రిపోర్టు సారాంశం తెలుగులో దొరకాలి. కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు. సారాంశంతో సరిపెట్టుకోకు, అందులో అన్నీ చల్లటి మాటలే ఉంటాయి. పూర్తి రిపోర్టు లావుగా ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, అయినా చదువు.

అందులో అన్నిటికంటే ముందు నీళ్లు చూడు. ఈ రిపోర్టుల కోసం గాలీ నీళ్లూ సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్‌లోనే కొలుస్తారు. మన డెల్టాలో అసలు బాధ వానాకాలానిదే. నేల బల్లపరుపు, మురుగు డ్రెయిన్లకి వాలు తక్కువ, సముద్రం పోటు మీదుంటే నీళ్లు కిందకి పోక వెనక్కి తంతాయి. 1986లోనూ 2022లోనూ గోదారి ఎలా వచ్చిందో మీ అమ్మమ్మని అడిగితే చెబుతుంది. ఫ్యాక్టరీ వాడిన నీళ్లు శుద్ధి చేసి డ్రెయిన్లోకి వదులుతామంటారు. సరే, డ్రెయిను కదలని పది రోజులు ఆ నీళ్లు ఎక్కడ నిలవ పెడతారు? ఆ తొట్టెల గట్టు ఎత్తెంత, 2022 వరద మట్టం కంటే పైన ఉందా? వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం కదా, ఆ చెరువుకీ ఫ్యాక్టరీకీ దూరమెంత? వీటికి రిపోర్టులో ఏ పేజీలో జవాబుందో చూపించమను. లేకపోతే లేదని మినిట్స్‌లో, అంటే సభలో జరిగింది రాసే కాగితంలో, రాయించు.

తర్వాత ప్రమాదాల సంగతి. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా పోయారు. రెండూ ప్రభుత్వ రంగ సంస్థలవే, కాబట్టి సర్కారుదైతే భయం లేదు, ప్రైవేటుదైతేనే భయం అనే మాట నా దగ్గర చెల్లదు. సైరన్ మోగితే జనం ఎటు పరిగెత్తాలి, వంతెన ఒక్కటే ఉన్న లంక ఊరికి అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది, ఏడాదికెన్నిసార్లు మాక్ డ్రిల్ చేస్తారు, అడుగు.

ఉద్యోగాలంటే చప్పట్లు కొట్టేస్తారు. ఎంతమంది కంపెనీ పే రోల్ మీద, ఎంతమంది కాంట్రాక్టరు కింద అని విడివిడిగా చెప్పమను. కాంట్రాక్టరు పీఎఫ్ ఎగ్గొడితే కంపెనీ బాధ్యత తీసుకుంటుందా అని కూడా. గుడి ముఖద్వారం, వాటర్ ప్లాంటు కట్టిస్తామంటే కరిగిపోవద్దని పెద్దవాళ్లకి నెమ్మదిగా చెప్పు. కంపెనీల చట్టం ప్రకారం 2014 నుంచీ నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అది దానం కాదు.

సభలో ఎవరు మాట్లాడతారన్నది నువ్వు మాట్లాడేదాని కంటే ముఖ్యం. పొలం అమ్మేవాడికి చెక్కు వస్తుంది. ఆ పొలం కౌలుకి చేసేవాడికీ, నాట్లేసే ఆడవాళ్లకీ, డ్రెయిన్లో చేపలు పట్టుకునేవాళ్లకీ ఏమీ రాదు, వాళ్లెప్పుడూ వెనక వరసలోనే ఉంటారు. వాళ్లని ముందు కూర్చోబెట్టి మాట్లాడించు. బహిష్కరిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఆ సభకి కోరం లేదు, ఇద్దరొచ్చినా జరిగినట్టే. చేతులెత్తి ఓటు వేసేది కూడా ఉండదు, అంతా వీడియో తీస్తారు. మాటతో పాటు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తేదీతో సంతకం తీసుకో. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, అప్పటిదాకా మనవాళ్లెవరూ భోజనాలకి లేవకూడదు. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాణ్ని ఎవరైనా దూషిస్తే నువ్వే ఆపు. మనకి కావాల్సింది అతని జవాబు.

సభ అయ్యాక ఎనిమిది రోజుల్లో అక్కడ జరిగిన వివరాలన్నీ పైకి పోతాయి, ఒక కాపీ తెచ్చుకో. అనుమతి వచ్చి అన్యాయమనిపిస్తే పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 30 రోజులే గడువు. గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులిస్తారు కానీ దాని మీద ఆధారపడకు. అనుమతితో పాటు షరతులుంటాయి, వాటిని పాటిస్తున్నామని కంపెనీ ఆరు నెలలకోసారి రిపోర్టివ్వాలి. ఫ్యాక్టరీ కట్టాక ఆ రిపోర్టులు చదివే మనిషి ఊళ్లో ఒకరుండాలి. నీతో పాటు ఇంకో ఇద్దరు పిల్లలకి నేర్పు, నువ్వు పెళ్లయి వెళ్లిపోతావేమో.

మీ నాన్న ఫ్యాక్టరీ కావాలంటున్నాడని కోపం తెచ్చుకోకు. చెరువు బాకీ వాడికి నిద్ర పట్టనివ్వట్లేదు, నాకు తెలుసు. వాడి ప్రశ్నలు కూడా నీ కాగితంలో రాసుకో. ఆదివారం పొద్దున్నే వస్తాను. రిపోర్టు జిరాక్స్ తీయించి ఉంచు, డ్రెయిను గట్టు మీద సముద్రం దాకా బండి మీద వెళ్లి ఎక్కడెక్కడ పూడుకుపోయిందో ఫోటోలు తీద్దాం. టేపు కూడా తీసుకురా, గట్టు ఎత్తు కొలవాలి.

ఇట్లు,
మీ మావయ్య