ఇంటి కారు షెడ్డులో పాత ఫర్నిచర్ బాగుచేసి అమ్మితే గిట్టుబాటవుతుందా? రోజూ ఎలా ఉంటుంది?

కావలిలో సొంతిల్లు, ఖాళీగా పడున్న కారు షెడ్డు, చేతిలో యాభై వేలు ఉన్నాయన్నారు. ఉద్యోగం మానకుండా మొదలుపెట్టొచ్చా, ముందు పాలిష్ పని నేర్చుకోవాలా అని అడిగారు. నేను నెల్లూరులో వేదాయపాళెం వైపు ఇంట్లోనే ఈ పని చేస్తుంటాను. మొదలుపెట్టొచ్చు. పాలిష్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు, చేతులు తిరిగే కొద్దీ అదే వస్తుంది. ఏ సామాను ఇంటికి తేకూడదో తెలియడానికే ఎక్కువ కాలం పడుతుంది. డబ్బు మిగిలేదీ, పోయేదీ అక్కడే.

సామానుకు కరువు లేదు. సంతపేట, మూలాపేట లాంటి పాత పేటల్లో మిద్దెలు కొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. పిల్లలు బయటి ఊళ్లలో స్థిరపడితే పెద్దవాళ్లు ఇల్లు చిన్నది చేసుకుంటున్నారు. మే, జూన్ నెలల్లో బదిలీలు. మీ కావలిలోనూ ఇదే కథ అయి ఉంటుంది. ప్యాకర్స్ వాళ్లకు చెప్పి ఉంచితే ఫోన్లు వాటంతట అవే వస్తాయి.

ఈ ప్రాంతంలో పాత సామాను అమ్మే ప్రతివాళ్లదీ బర్మా టేకే. "మా తాత రంగూన్ నించి తెప్పించింది అబ్బయా" అంటారు. ఒకప్పుడు రంగూన్ నుంచి కోస్తా రేవులకు కలప వచ్చిన మాట నిజమే గానీ, ఇంటికొక బీరువా చొప్పున వచ్చేంత ఓడలు ఆ సముద్రంలో తిరగలేదు. వాదించకండి. నవ్వేసి సామాను బోర్లించండి. పైన అందరూ రంగు వేస్తారు, అడుగున ఎవరూ వేయరు. చిన్న చాకుతో అడుగు పట్టెను గోరంత మేర గీకి చూడండి. టేకయితే లోపల బంగారు ఛాయ గోధుమ రంగు కనిపిస్తుంది, వేలికి కాస్త జిడ్డు తగులుతుంది, తోలు వాసన లాంటిది వస్తుంది. అవేవీ లేకుండా మనిషిని వంచేంత బరువుంటే తుమ్మో మద్దో అయి ఉంటుంది. అవీ మంచివే. వేపకు వేప ధర, తుమ్మకు తుమ్మ ధర ఇవ్వాలి, అంతే.

తర్వాత అంచు. పైపలక మీది చెక్క సహజ గీతలు అంచులోకి దిగి కొనసాగితే అది గట్టి చెక్క. అంచుకు సన్నటి పట్టీ అతికించి ఉంటే లోపల ప్లైవుడ్డో, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డో ఉన్నట్టు. పార్టికల్ బోర్డు ఊరికే ఇచ్చినా తీసుకోను. ఒకసారి స్క్రూ ఊడిన చోట మళ్లీ పట్టదు, తేమ తగిలితే ఉబ్బిపోతుంది. 2021 నవంబరులో పెన్నా వరద తర్వాత ఈ తేడా చాలామంది ఇళ్లలోనే చూశారు. నానిన ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోయింది, గట్టి చెక్క సామాను నీడలో నెమ్మదిగా ఆరబెడితే చాలావరకు నిలబడింది. నానిన చెక్కను ఎండలో పెడితే మాత్రం వంకర తిరుగుతుంది.

పుచ్చు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, కొత్తవాళ్లు భయపడేదీ, అశ్రద్ధ చేసేదీ ఇక్కడే. చెక్కకు గుండుసూది తలంత బెజ్జాలు కనిపించగానే వదులుకోనక్కర్లేదు. పురుగు ఎప్పుడో వెళ్లిపోయి, బెజ్జం మాత్రమే మిగిలి ఉండొచ్చు. సామాను మొత్తం బ్రష్‌తో దులిపి, వెదురు కర్రతో పట్టెలు తట్టి పాత పొడి రాల్చేసి, కింద నల్ల కాగితం పరిచి, కొన్నాళ్లు అలాగే వదిలేయండి. కాగితం మీద మళ్లీ పిండిలాంటి తెల్లటి పొడి పడితే లోపల పురుగు బతికే ఉంది. చేవ ఉన్న టేకును పుచ్చు పురుగు ముట్టుకోదు, చేవ పట్టని తెల్లటి భాగాన్నే తింటుంది. అందుకే బెజ్జాలు ఎక్కువగా వెనక పట్టెలకీ, సొరుగుల అడుగు పలకలకీ ఉంటాయి, అవి మార్చుకోవచ్చు. మిగతా చోట చెక్కమందును సిరంజితో బెజ్జాల్లోకి ఎక్కించి, పాలిథీన్ కవరు చుట్టి ఉంచాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, పిల్లలు ఆ పక్కకు రాకూడదు. ఈ పరీక్ష అయ్యేదాకా సామాను పెరట్లోనే ఉంటుంది, షెడ్డులోకి రాదు. చెదలు పట్టిన ముక్క అయితే కారుచౌకగా ఇచ్చినా గేటు దాటనివ్వను, మన ఇంటి ద్వారబంధాలు పక్కనే కదా. గుడ్డ సోఫాలు కూడా వద్దు, నల్లులు ఒక్కసారి ఇంట్లోకి వచ్చాయంటే మీ ఇంట్లోవాళ్లు ఈ వ్యాపారాన్ని, మిమ్మల్ని కలిపి బయట పెడతారు.

ఇంకో రెండింటికి దూరంగా ఉండండి. ఒకటి ఎర్రచందనం. వెలిగొండల పక్కన ఉన్న మన జిల్లాలో ఎవరో ఒకరు "పాత ఇంటిదే, మా నాయన కాలంది" అని కుర్చీయో బల్లో చూపిస్తారు. అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా దాన్ని కొన్నా, తరలించినా కేసు దాకా పోవచ్చు. రెండోది నూరేళ్లు దాటిన శిల్పపు చెక్కపని, అంటే గుడి వాహనాలు, చెక్కిన ద్వారబంధాలు వంటివి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. మనకెందుకు.

ఇక మంచం. కుర్చీ ఎవరిదని ఎవరూ అడగరు. మంచం దగ్గర మాత్రం మొదటి ప్రశ్న అదే. బుచ్చిరెడ్డిపాళెం నుంచి కొడుకు కోడలితో వచ్చిన ఒక పెద్దావిడ, పట్టెమంచం చుట్టూ తిరిగి, మంచం కోళ్లు (కాళ్లు) నాలుగూ తట్టి చూసి, నా ముఖంలోకి చూస్తూ అడిగింది: "ఏం నాయనా, దీని మీద ఎవురన్నా పోయినారా?"

"ఆ ఇంటి పెద్దాయన పోయినాడంటమ్మా. ఆస్పత్రిలో పోయినాడని వాళ్లు చెప్పినారు. అంతకు మించి నాకు తెలీదు" అన్నాను.

"ఆస్పత్రిలోనా" అని కాసేపు ఆలోచించి, "అయితే ఫరవాలేదులే. అయినా ఒక ఐదొందలు తగ్గించు" అంది.

తగ్గించాను. ఇలాంటి చోట కథలు అల్లకూడదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పేయాలి. చిన్న ఊళ్లు మనవి, ఎవరి మంచమో నెల తిరక్కుండా తెలిసిపోతుంది. మంచంగా పోకపోతే పట్టెలు విడదీసి వరండా బల్ల చేయిస్తాను, అడిగితే మంచం కలపేనని చెబుతాను. బల్లకు ఆ పట్టింపు ఉండదు, ఎందుకో నాకూ అర్థం కాదు.

పట్టింపులు అమ్మేవాళ్లకూ ఉంటాయి. శుక్రవారం బీరువా గడప దాటనివ్వరు, కొందరు మంగళవారం కూడా. ఆటో మాట్లాడుకునే ముందే వారం చూసుకోండి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లి సామాను కొనేవాళ్లు రారు. నేను ఆ రోజుల్లో కొని పెట్టుకుంటాను, శ్రావణానికి సిద్ధంగా ఉంటుంది.

రోజు ఎలా గడుస్తుందంటే, ఎక్కువ భాగం దుమ్ములోనే. అరగదీసే పని పొద్దున్నే, ఎండ ముదరకముందే. మిషన్ శబ్దానికి పక్కింటివాళ్లు ఊరుకునే వేళ ఏదో ముందే మాట్లాడుకోండి. ఎండ వేళ ఫోన్లు, ఫొటోలు, షాపులు తిరగడం. దుమ్ము సద్దుమణిగాక సాయంత్రం పాలిష్. ఉద్యోగం ఉన్నవాళ్లు వారమంతా సాయంత్రాలు అతుకుల పని, ఆదివారం పొద్దున అరగదీత పెట్టుకుంటే సరిపోతుంది.

అసలు పని అతుకుల్లో ఉంది. కుర్చీ ఊగుతుందని తెచ్చి ఇస్తారు, చూస్తే అప్పటికే ఎవరో అతుకు మీద మేకు కొట్టి ఉంటారు. ఆ మేకే చెక్కను చీలుస్తుంది. ముందు మేకు తీయాలి, తర్వాత అతుకు విప్పాలి. పాత కుర్చీలకు వజ్రం జిగురు, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే బంక వాడేవాళ్లు, వేడినీళ్ల గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే అది మెత్తబడి అతుకు ఊడి వస్తుంది. ఊడాక పాత జిగురును ఉలితో గీకి పచ్చి చెక్క కనిపించేలా చేయాలి. చాలామంది ఈ ఒక్క మెట్టు ఎగ్గొడతారు, పాత జిగురు మీద ఫెవికాల్ పోస్తే ఆరు నెలల్లో మళ్లీ ఊగుతుంది. బిగించడానికి ఖరీదైన క్లాంపులు లేకపోయినా సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి, నిలువుగా పట్టీలుగా కోసి, సాగదీస్తూ నాలుగు కాళ్ల చుట్టూ చుట్టండి. గుండ్రటి కాళ్లకు క్లాంపు కన్నా ఇదే బాగా పడుతుంది. ఒక రోజు పూర్తిగా కదపకండి. సమతలంగా ఉన్న గచ్చు మీదే ఆరనివ్వాలి, లేకపోతే బిగిసిన కుర్చీ కూడా కుంటుతుంది.

పాలిష్ విషయంలో, పాతదంతా ఊడగొట్టాలనే ఆత్రం వద్దు. కనిపించని చోట దూదికి స్పిరిట్ అద్ది ఒక నిమిషం నొక్కి పట్టండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. శుభ్రం చేసి పైన కొత్త లక్క వేస్తే పాతదాంట్లో కలిసిపోతుంది, సగం పని తప్పుతుంది. కరగకపోతే 80 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 120, 180, 220 వరకు, చెక్క గీతల వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీత పాలిష్ వేశాకే బయటపడుతుంది.

మన వాతావరణం ఈ పనికి సగం యజమాని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అన్న మాట వినపడితే లక్క డబ్బా మూసేయడమే, తేమలో వేస్తే పైన తెల్లటి మసక కమ్ముతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలికి చెక్క ఎండి అతుకులు వదులవుతాయి, వెడల్పు బల్లల పైపలకలు చీలతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ల నుంచి వచ్చిన సామానులో ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బి చెక్కనే పగలగొట్టి ఉంటాయి. అవి తీసేసి ఇత్తడివో స్టీలువో వేయండి.

జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను. చెక్క దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, ముక్కు లోపల క్యాన్సర్‌కు కూడా కారణమని తేలింది, మాస్కు లేకుండా మిషన్ పట్టకండి. పాత పెయింట్లలో సీసం ఎక్కువ, మన దేశంలో దానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో తొంభై పాళ్లు) హద్దు 2017లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు రంగులేసిన సామానును పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, ఆ మడ్డి కాలవలోకి వదలకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి.

అమ్మకం దగ్గర మీ ఓపికకు పరీక్ష. ఫొటో పెట్టగానే "లాస్ట్ ఎంత?" అని పదిమంది అడుగుతారు, సామాను ఏమిటో కూడా చదవరు. పొడవు, వెడల్పు, ఎత్తు ఫొటోలోనే రాయండి. బీరువా అయితే వాళ్ల మెట్ల మలుపు కొలత ముందే అడగండి. దెబ్బలు, బెజ్జాలు దగ్గర నుంచి తీసి పెట్టండి, ఇంటికి వచ్చాక బేరం తగ్గించడానికి వాళ్లకు సాకు మిగలదు.

లెక్క ఇలా చూసుకోండి. ఉదాహరణకు ఒక పడక కుర్చీ 2,000కు దొరికిందనుకుందాం. ట్రాలీ ఆటో 500, పేము అల్లిక 1,200, స్పిరిట్, లక్క, పేపర్లు 400. అప్పటికే 4,100. ఇది 5,000కు పోతే లాభం 900 అనిపిస్తుంది, కానీ మీ కూలి అందులో లేదు. అందుకే అమ్ముడుపోతుందనుకున్న ధరలో మూడో వంతు దాటితే నేను కొనను. సరుకుల వ్యాపారానికి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా ఆంధ్రలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా అవసరం రాదు. ప్రతి కొనుగోలుకూ అమ్మినవారి సంతకంతో రసీదు మాత్రం ఉంచుకోండి, రేపు ఏ అన్నదమ్ములో వచ్చి "ఆ బీరువా మాది కూడా" అంటే అదే కాపాడుతుంది.

యాభై వేలల్లో సగం ముట్టుకోకండి. మంచి ఉలి, చిత్రిక, సాండింగ్ మిషన్, మాస్కు, షెడ్డుకు దుమ్ము ఆపే తెర, ముందు ఇవి చాలు. కష్టమైన పనికి అనుభవం ఉన్న ఆచారి ఒకరిని చూసుకుని, రోజు కూలి ఇచ్చి, పక్కన నిలబడి చూడండి. మొదటి సామానుగా చేతుల్లేని టేకు కుర్చీలు రెండు కొనండి, మంచమూ వద్దు, బీరువా వద్దు. కొనేముందు బోర్లించి అతుకుల దగ్గర నుంచి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.