సీనియర్లను తీసుకునే ముందు: బుజ్జమ్మకు పెదనాయన ఉత్తరం

కావలి,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

నువ్వు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు తీసుకున్నావని, ఎనిమిది మంది పిల్లలు అప్పుడే చేరారని, వచ్చే వారం ఇద్దరు సీనియర్ డెవలపర్ల కోసం ఇంటర్వ్యూలు పెట్టుకున్నావని నిన్న మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చుండిపోయాను. మన ఇంట్లో ఇంతవరకు అందరం ఉద్యోగం కోసం ఊరు వదిలిపోయినవాళ్లమే. ఇక్కడే ఉండి పదిమందికి ఉద్యోగం ఇస్తున్నది నువ్వే మొదలు. నువ్వు ఎంసెట్ రాసిన సంవత్సరం రొట్టెల పండక్కి మీ అమ్మ స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి నీ కోసం చదువు రొట్టె తీసుకుంది. సీటు వచ్చాక మరుసటేడు వెళ్లి ఇంకొకరి బిడ్డ కోసం రొట్టె ఇచ్చి వచ్చింది. నిన్న అదే కళ్లముందు తిరిగింది.

తర్వాత మీ నాయన నీ ఉద్యోగ ప్రకటన వాట్సాప్‌లో పంపాడు. అది చదివాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పదేళ్ల అనుభవం కావాలన్నావు. దాని కింద వచ్చి ఉండాల్సిన భాషలు, పనిముట్లు అని పద్నాలుగు పేర్లు రాశావు. రియాక్ట్, నోడ్, జావా, పైథాన్, డాకర్, కుబర్నెటీస్, ఇంకా ఏవేవో. అన్నీ వచ్చినవాడు దొరకడు. వచ్చని రాసుకున్నవాడు మాత్రం తప్పకుండా దొరుకుతాడు. మీరు రోజూ వాడేవి మూడో నాలుగో ఉంచి మిగతావి తీసెయ్. ఒక భాషలో లోతుగా పనిచేసినవాడు ఇంకోటి కొద్ది నెలల్లో పట్టుకుంటాడు. డేటాబేస్ అలా కాదు. వెతికింది త్వరగా దొరకడానికి పెట్టే ఇండెక్స్ ఎందుకు వేస్తారో, అంతా కలిసి పూర్తికావాల్సిన ట్రాన్సాక్షన్ సగంలో ఆగిపోతే ఏమవుతుందో అనుభవం మీద తెలియాలి. అక్కడ గట్టిగా అడుగు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ వాడటం, టెస్టులు రాయడం, ప్రోగ్రాము నడుస్తూ రాసుకునే లాగ్ చదివి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, ఇవి లేకపోతే సీనియర్ అన్న మాటే లేదు. పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కో, ఆఫర్ లెటర్ రాతపూర్వకంగా ఇవ్వు, పీఎఫ్ సంగతి ముందే చెప్పు. నెల్లూరు కదా అని జీతంలో కోత పెట్టకు.

బోర్డు మీద పజిల్స్ రాసి పెట్టద్దు. 1998, 99ల్లో నేను మద్రాసులో వైటూకే పని చేసేటప్పుడు మా పనంతా చదవడమే. ఎవరో ఎప్పుడో కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములు. సంవత్సరానికి రెండంకెలే పెట్టారు. 2000 వస్తే అది 00 అవుతుంది, వడ్డీలు, వయసులు అన్నీ తలకిందులవుతాయి. ఫైలు తర్వాత ఫైలు తెరిచి ఆ రెండంకెలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతకడమే రోజంతా. కొన్ని ప్రోగ్రాముల్లో రాసినవాడు "ఇది ఇలా ఎందుకు చేశానంటే" అని రెండు లైన్లు పెట్టి ఉండేవాడు. ఆ పేరు తెలియని మనిషికి మనసులోనే దండం పెట్టుకునేవాణ్ణి.

అందుకని, మీ సాఫ్ట్‌వేర్‌లోదే ఒక రెండు వందల లైన్ల ముక్క తీసి, అందులో ఒక తప్పు ఉంచి, చేతికివ్వు. గంటసేపు పక్కన కూర్చో. మాట్లాడకు. వెంటనే కీబోర్డు మీద పడుతున్నాడా, లేక "ఇది ఎవరు వాడతారు? ఏ లెక్క కోసం?" అని ముందు అడుగుతున్నాడా చూడు. ఇప్పుడు కోపైలట్, చాట్‌జీపీటీ నిమిషంలో కోడ్ రాసిపెడుతున్నాయి. మీ పిల్లలు కూడా వాడుతూనే ఉంటారు. యంత్రం రాసినా మనిషి రాసినా, చదివి "ఇది తప్పు" అని పట్టుకోగలిగేవాడికే నువ్వు సీనియర్ జీతం ఇవ్వాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

2004లో నేను నెల్లూరు తిరిగొచ్చి ఆరుగురితో చిన్న ఆఫీసు పెట్టాను కదా. రొయ్యల మేత అమ్మే డీలర్‌కు ఖాతాల సాఫ్ట్‌వేర్ చేసే పని దొరికింది. రైతులు మేత అప్పు మీద తీసుకుంటారు, పంట పట్టాక కడతారు. వడ్డీ నెలకు నూటికి రెండు. ఆ పని కోసం పదకొండేళ్ల అనుభవం ఉన్న ఒక సీనియర్‌ను తీసుకున్నాను. నేనడిగిన ప్రతిదానికీ నా మాట పూర్తికాకముందే జవాబు చెప్పాడు. ఇంటర్వ్యూ అయ్యాక ఇంటికొచ్చి మీ పెద్దమ్మతో "మనకు వజ్రం దొరికింది" అన్నాను.

మా దగ్గరే విడవలూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. డిగ్రీ అయిన ఏడే చేరింది. వాళ్ల నాయనకు రెండెకరాల రొయ్యల గుంటలు. ఒకరోజు ఆ అమ్మాయి లేచి నిలబడి, "సార్, వడ్డీ ఇలా లెక్కపెట్టరు సార్. మా నాయన రోజులు లెక్కపెడతాడు" అంది. ఆ సీనియర్ వెనక్కి తిరక్కుండానే, "ముందు కోడ్ రాయడం నేర్చుకోమ్మా, తర్వాత మాకు నేర్పుదువుగాని" అన్నాడు. గదిలో ఇద్దరు నవ్వారు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను, బుజ్జమ్మా. అన్నీ విన్నాను. తల ఎత్తలేదు. అతన్ని ఎంచుకున్నది నేను. అతను తప్పంటే నా ఎంపిక తప్పని ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత మా ఆఫీసులో మళ్లీ ఏదీ అడగలేదు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మేం ఆ సాఫ్ట్‌వేర్ రాసిన విజువల్ బేసిక్ భాషలో డేట్‌డిఫ్ అని ఒక ఫంక్షన్ ఉంటుంది. రెండు తేదీల మధ్య ఎన్ని నెలలని అడిగితే అది గడిచిన రోజులు చూడదు. నెల ఎన్నిసార్లు మారిందో చూస్తుంది. జనవరి 31న మేత తీసుకుని ఫిబ్రవరి 1న డబ్బు కట్టినా ఒక నెల అంటుంది. అదే జనవరి 1న తీసుకుని 31న కడితే సున్నా అంటుంది. లక్ష రూపాయల మేతకు ఒక్క రోజు వడ్డీ అరవై ఏడు రూపాయలు రావాల్సినచోట రెండు వేలు పడుతోంది. ఇంకొకరికి నెల వడ్డీ మొత్తం ఎగిరిపోతోంది. ఒకరి దగ్గర ఎక్కువ, ఒకరి దగ్గర తక్కువ కావడంతో డీలర్‌కు మొత్తం వడ్డీ ఇంచుమించు సరిపోతూ వచ్చింది. మేమేమో ఐదో తేదీ నుంచి ఐదో తేదీకి పెట్టి పరీక్షించి బాగుందనుకున్నాం. మొత్తం సరిపోతుంటే లోపల మనిషి మనిషికీ జరుగుతున్న అన్యాయం ఎవరి కంటా పడదు.

పంట పట్టే కాలానికి ఒక రైతు తన చిన్న నోటుపుస్తకం పట్టుకుని డీలర్ దగ్గరికి వచ్చాడు. తేదీలన్నీ పెన్సిలుతో రాసుకున్నాడు. "కంప్యూటర్ తప్పు చెప్తుందా?" అని డీలర్ గుమస్తా పదిమందిలో కసిరాడు. ఆ రైతు డబ్బంతా అక్కడే కట్టేసి, ఖాతా మూసేసి వెళ్లిపోయాడు. తర్వాత ఇంకో ఇద్దరు అడిగితే అప్పుడు డీలర్‌కు అనుమానం వచ్చి నన్ను పిలిచాడు. నేనూ ఇంకొకతనూ తొమ్మిది రోజులు కూర్చుని ప్రతి ఖాతా చేత్తో మళ్లీ లెక్కేశాం. ఎక్కువ కట్టినవాళ్లకు తిరిగి ఇప్పించాం. ఆ మొదటి రైతు మాత్రం మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ అమ్మాయి అప్పటికి రెండు నెలల ముందే ఉద్యోగం మానేసింది. ఆమె కూర్చున్న టేబుల్ సొరుగులో ఒక పుస్తకం దొరికింది. ఏ తేదీకి ఏ తేదీకి పెడితే లెక్క తప్పు వస్తుందో పద్నాలుగు ఉదాహరణలు వేసి, పక్కన సరైన వడ్డీ కూడా రాసిపెట్టి ఉంది. ఎవరికైనా చూపిద్దామనే రాసుకుంది. చూపించే ధైర్యం లేకుండా చేసింది మేమే. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అందుకే చెప్తున్నాను. సీనియర్ గదిలో ఉంటే చిన్నపిల్లలకు నోరు రావాలి. అతను వచ్చాక నీ ఎనిమిది మంది ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నారా, తక్కువ అడుగుతున్నారా? మొదటి మూడు నెలలు ఇదొక్కటే కనిపెట్టు. గది మరీ నిశ్శబ్దంగా ఉంటే అంతా బాగుందని అనుకోకు. నాకిప్పటికీ నిశ్శబ్దంగా ఉన్న ఆఫీసంటే భయమే.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా అడుగు. "మీ చేతి మీదుగా పాడైన పని ఒకటి చెప్పండి." ఏమీ లేదన్నవాణ్ణి తీసుకోవద్దు. తప్పంతా పక్కవాడి మీద వేసేవాణ్ణీ వద్దు. 2017 జనవరి 31 రాత్రి, అందరి కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో, అసలు డేటాబేస్ ఉన్నచోటే, డేటా తుడిచేశాడు. చూసుకుంటే బ్యాకప్ పద్ధతులు ఐదున్నా సమయానికి పనికొచ్చేలా ఏదీ లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికి, దాంతో బయటపడ్డారు. వాళ్లు దాన్ని దాచలేదు. ఏం జరిగిందో, ఏం పోయిందో అందరూ చదివేలా రాసిపెట్టారు. అలా తన తప్పును వరుసగా, కారణంతో సహా చెప్పగలిగిన మనిషి దొరికితే వదలకు.

బ్యాకప్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పి ముగిస్తా. నువ్వు అప్పటికి పుట్టలేదు. 1989 నవంబరు తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది. తాత కొట్టు పైకప్పు లేచిపోయింది. పద్దుల పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మేం తలలు పట్టుకుని కూర్చుంటే తాత మాత్రం నింపాదిగా ఉన్నాడు. ప్రతి శుక్రవారం బాకీల జాబితా ఇంకో పుస్తకంలో ఎత్తి రాసి ఒంగోలులో మన అత్తయ్య ఇంటికి పంపేవాడని అప్పుడు తెలిసింది. పంపి ఊరుకునేవాడు కాదు. ఒంగోలు వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకం తెప్పించుకుని, రెండు పేజీలు కొట్టు లెక్కతో సరిచూసేవాడట. నీ సీనియర్‌ను బ్యాకప్ ఉందా అని అడగొద్దు. "కిందటిసారి దాన్నుంచి తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడు?" అని అడుగు. ఆ తేదీ చెప్పలేకపోతే బ్యాకప్ లేనట్టే లెక్క.

ఇంకొకటి, ఇది నీకు. చిన్నప్పటి నుంచి నీకు తొందర. ఎదుటివాడు చెప్తుంటే మధ్యలో అందుకుంటావు. మంచి సీనియర్ నీ ముందుకొచ్చి "ఇది శుక్రవారానికి కాదు, ఇంకో రెండు వారాలు పడుతుంది, క్లయింటుకు ఇప్పుడే చెప్పండి" అంటాడు. నీకు కోపం వస్తుంది. ఆ కోపం వాడి మీద చూపించావంటే తర్వాతిసారి నీకు నచ్చే తేదీయే చెప్తాడు. నువ్వు మునిగేదాకా నిజం తెలియదు. ఎంత పని పడుతుందో ముందే అంచనా వేసి, కుదరనిది కుదరదని చెప్పడం కూడా వాడి పనే. వినడం నీ పని. సరేనా? తిట్టాననుకోకు తల్లీ. నీ తొందరలోనే ఈ ఆఫీసు పెట్టే ధైర్యం కూడా ఉందని నాకు తెలుసు. వేళకు అన్నం తిను. మీ అమ్మ బెంగపడుతోంది.

ఇంటర్వ్యూ గదిలో నీతోపాటు మీ ఆఫీసులో అందరికన్నా చిన్నదాన్ని కూర్చోబెట్టు. ఒక ప్రశ్న ఆ పిల్లనే అడగనివ్వు, తెలిసీ తెలియనిదైనా ఫర్వాలేదు. వచ్చినవాడు ఆ పిల్ల ముఖం చూసి జవాబు చెప్తున్నాడా, నీ ముఖం చూసి చెప్తున్నాడా గమనించు.

బుధవారం పినాకినిలో నెల్లూరు వస్తాను. స్టేషన్‌కు రావద్దు, ఆటోలో వచ్చేస్తా. ఇంటర్వ్యూల్లో నేను కూర్చోను, అవి నీవి. ఆ విడవలూరు అమ్మాయి పుస్తకం తెస్తున్నాను. నీ దగ్గర ఉంచుకో.

మీ పెదనాయన