ఫోను లాక్కుంటే చేయి చేసుకుంటున్న కొడుకు: సమాధానం

అక్కా, ఫోను లాక్కున్నందుకు 16 ఏళ్ల బాబు మీ చేయి మెలిపెట్టాడని, హనుమకొండ హాస్టల్లో వేయమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దు. ఊగిపోతున్నప్పుడు నీతులు చెప్పకండి, ఫోను కోసం పెనుగులాడకండి. చిన్న పాపను తీసుకుని పక్కింటికి వెళ్లిపోండి. కత్తిపీట అందకుండా పెట్టండి. మాటలు మర్నాడు, అన్నం తిన్నాక. పరువంటూ బంధువులు ఏదో అంటారు, అననివ్వండి.

నిద్రపోతున్నాడా, స్నేహితులను వదిలేశాడా గమనించండి. ఈ వయసులో కుంగుబాటు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు. గంజాయి అనుమానాన్నీ కొట్టిపారేయకండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బాబు రానంటే ముందు మీరే వెళ్లి చెప్పండి. అర్ధరాత్రైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే మాత్రం 112.