చిత్తూరు వైపు బోడిగుట్టల మీద అడవి తిరిగి రావాలంటే మొక్కలు నాటాల్సిందేనా?

చాలాచోట్ల అక్కర్లేదు, మేత, మంట, నరుకుడు కొన్నేళ్లు ఆపగలిగితే గుట్ట తనంతట తానే పచ్చబడుతుంది. పైకి బోడిగా కనిపించినా నేలలో పాత వేర్లు బతికే ఉంటాయి. తునికి, మోదుగ లాంటివి వేరు నుంచే పిలకలేస్తాయి. లోతుకు దిగిన ఆ వేరు వాన ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. నర్సరీ మొక్కకు మొదటి ఎండాకాలమే గండం.

కుప్పం, పుంగనూరు గుట్టల్లో సీతాఫలం చెట్టునే చూడండి. ఎండల్లో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది, వానలు పడగానే చిగురేస్తుంది. ఆకు చేదు కాబట్టి మేకలూ పెద్దగా ముట్టవు. పంట పోయిన ఏడు ఆ పండ్లే చాలా ఇళ్లకు నాలుగు డబ్బులు. 2021 నవంబరు నాటి కుండపోత లాంటివి వచ్చినప్పుడు, పొదలూ గడ్డీ ఉన్న వాలు మీద నీరు నెమ్మదించి ఇంకుతుంది. బోడిగుట్ట మట్టి మాత్రం నేరుగా చెరువులో పూడికవుతుంది.

గుట్టను కాపాడటమంటే మేకల కాపరులను తరిమేయడమని చాలామంది అపోహ. అది తప్పు, అన్యాయం కూడా. ఒక భాగం మూసి, మరో భాగం మేతకు వదిలి, కొన్నేళ్లకోసారి మార్చుకోవచ్చు. కాపరులను కూర్చోబెట్టి మాట్లాడి పెట్టుకున్న కట్టుబాటే నిలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు పొందిన ఊళ్లలో ఇలాంటి నిర్ణయాలు తీసుకునే అధికారం గ్రామసభకే ఉంది.