వేల బిట్లు చదివినా జీవశాస్త్రం ఎందుకు గుర్తుండటం లేదు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. బీకాం పూర్తిచేసి గ్రూప్-2కు, రైల్వే గ్రూప్-డికి కలిపి సిద్ధమవుతున్నాను. పదో తరగతి తరువాత జీవశాస్త్రం ముట్టుకోలేదు. కోచింగ్‌లో ఇచ్చిన అయిదు వేల బిట్లను రెండుసార్లు చదివినా మాక్ టెస్టుల్లో సగం తప్పుతున్నాయి. ఇంటర్ బైపీసీ పుస్తకాలు కొని మొదటి నుంచి చదవాలా?
– ఒక అభ్యర్థిని

సమాధానం: మీరు రెండు పరీక్షలకు కలిపి చదువుతున్నారు కాబట్టి, జీవశాస్త్రానికి ఎంత సమయం ఇవ్వాలో ముందుగా తేల్చుకోవడం మంచిది. రైల్వే గ్రూప్-డి కంప్యూటర్ పరీక్షలోని 100 ప్రశ్నల్లో జనరల్ సైన్స్‌వి 25. ఇవి భౌతిక, రసాయన, జీవశాస్త్రాల నుంచి పదో తరగతి స్థాయిలో వస్తాయి. తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు కోత ఉంటుంది. గ్రూప్-2లో మాత్రం 150 మార్కుల జనరల్ స్టడీస్ పేపర్లోని అనేక అంశాల్లో జనరల్ సైన్స్ ఒకటి మాత్రమే, అందులోనూ ప్రశ్న ఎక్కువగా ఆరోగ్యం, పోషణ, పర్యావరణం, కొత్త టీకాల వంటి నిత్యజీవితానికి సంబంధించిన వైపు నుంచి వస్తుంది. అందువల్ల పాఠాన్ని రైల్వే కోసం పదో తరగతి లోతులో నేర్చుకుని, దాని వినియోగాన్ని గ్రూప్-2 కోసం జోడించుకుంటే ఒకే చదువు రెండింటికీ సరిపోతుంది.

ఇక బిట్ల విషయానికి వస్తే, లోపం మీ జ్ఞాపకశక్తిది కాదని నా అభిప్రాయం. బిట్ అనేది పాఠం నుంచి తెంపి తెచ్చిన ఆకు వంటిది, అది ఏ కొమ్మదో తెలియనప్పుడు ఒక ఆకుకూ మరో ఆకుకూ తేడా కనిపించదు. శరీరంలో అతిపెద్ద గ్రంథి కాలేయం, అతిపెద్ద వినాళ గ్రంథి థైరాయిడ్, అతిపెద్ద అవయవం చర్మం అనే మూడు బిట్లను విడివిడిగా చదివినవారు పరీక్షలో వీటిని తారుమారు చేయడం నేను తరచుగా చూస్తుంటాను. నాళం ద్వారా స్రావాన్ని పంపే గ్రంథికీ, నాళం లేకుండా హార్మోన్‌ను నేరుగా రక్తంలోకి వదిలే వినాళ గ్రంథికీ ఉన్న తేడా తెలిస్తే ఈ మూడూ ఇక కలగాపులగం కావు. పైగా క్లోమాన్ని (ప్యాంక్రియాస్) మిశ్రమ గ్రంథి అని ఎందుకంటారో కూడా దానంతట అదే అర్థమవుతుంది. అది జీర్ణరసాన్ని నాళం ద్వారా ఆంత్రమూలంలోకి, ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి పంపుతుంది.

ధమనుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ప్రవహిస్తాయని బట్టీ పట్టినవారికి పుపుస ధమని మీద వచ్చే ప్రశ్న తప్పకుండా తప్పుతుంది. గుండె నుంచి బయటకు తీసుకువెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర అని నిర్వచనంతో నేర్చుకున్నవారికి అది తప్పే అవకాశం లేదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఆక్సిజన్ కోసమే వెళ్తోంది కనుక పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే ఉండాలి. ప్రశ్నపత్రం తయారుచేసేవారు వెతికేది సరిగ్గా ఇలాంటి మినహాయింపుల కోసమే. వ్యాఖ్యలు, కారణాలు, జతపరచడాల రూపంలో అడిగినప్పుడు వట్టి బిట్ నిలబడదు.

పోషకాహార లోపాల పాఠాన్ని మీరు వేరే పద్ధతిలో చదవాలని నా గట్టి సూచన, ఎందుకంటే రెండు పరీక్షల్లోనూ మార్కులు తెచ్చిపెట్టే అధ్యాయం ఇది. ఒక్కొక్క విటమిన్‌కు అది శరీరంలో చేసే పని, అది లేకపోతే ఆగిపోయేది, బయటకు కనిపించే లక్షణం, దొరికే ఆహారం అనే వరుసను ఒక గొలుసుగా మీ సొంత మాటల్లో రాసుకోండి. విటమిన్-ఎ కంటి రెటీనాలోని దండాలనే కణాల్లో ఉండే రొడాప్సిన్ అనే వర్ణకం తయారీకి అవసరం. మసక వెలుతురులో చూపునిచ్చేవి ఆ దండాలే కనుక విటమిన్-ఎ తగ్గితే ముందుగా రేచీకటి వస్తుంది. అంగన్‌వాడీల్లో పిల్లలకు తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆపై అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున వేసే విటమిన్-ఎ ద్రావణాన్ని మీరు చూసే ఉంటారు. దాన్ని ఈ గొలుసు చివర చేర్చితే గ్రూప్-2కు కావలసిన ప్రభుత్వ పథకం కూడా అక్కడే దొరుకుతుంది.

విటమిన్-బి1 లోపంతో బెరిబెరి వస్తుంది, దాని గొలుసులో జావా దీవిలో డచ్ వైద్యుడు ఐక్‌మన్ చేసిన పరిశీలన ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి పక్షవాత లక్షణాలు వచ్చి, తవుడు తీయని బియ్యం పెట్టగానే అవి కోలుకోవడాన్ని ఆయన గమనించారు. ఈ పరిశోధనకు ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. దంపుడు బియ్యం మంచిదని మన పెద్దలు చెప్పే మాటకు ఆధారం కూడా ఇదే. బి3 లోపంతో వచ్చే పెల్లగ్రాను మొక్కజొన్నకు జతపరచి వదిలేస్తుంటారు, కానీ మన దక్కన్ ప్రాంతంలో జొన్నే ప్రధానాహారంగా తినేవారిలో కూడా ఈ వ్యాధి కనిపించడంతో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దానిపై పరిశోధన చేసి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండటం కారణం కావచ్చని ప్రతిపాదించింది. ఆ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది.

మీ జిల్లా పేరు చూశాక ఫ్లోరైడ్ గురించి రాయకుండా ఉండలేను. నల్గొండ బాధను పుస్తకంలో చదవాల్సిన అవసరం మీకు ఉండకపోవచ్చు. ఫ్లోరైడ్ తగిన మోతాదులో పళ్ల ఎనామెల్‌ను గట్టిపరుస్తుంది, అందుకే టూత్‌పేస్టులో కలుపుతారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటితే అదే పదార్థం ఎదిగే పిల్లల పళ్లపై మచ్చలుగా, ఏళ్ల తరబడి తాగినవారిలో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే వ్యాధిగా మారుతుంది. నీటికి సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, తెలంగాణ సమాజం మూడూ కలిసే ఇలాంటి అంశం గ్రూప్-2 అభ్యర్థికి ఎంతో విలువైనది.

వ్యాధుల పాఠంలో ఎక్కువమంది తడబడేది వ్యాధిని కలిగించే జీవికీ, దాన్ని మోసుకువచ్చే జీవికీ మధ్యనే. మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే ఏకకణ జీవి, మోసేది ఆడ అనాఫిలిస్ దోమ. బోదకాలుకు కారణం ఫైలేరియా పురుగు, మోసేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. డెంగీకి కారణం వైరస్, మోసేది ఏడిస్ దోమ. దీన్ని మనుషులతో ముడిపెట్టి చదివితే మరింత నిలుస్తుంది. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే, ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర వెనుక భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఉంది. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం నుంచే వచ్చాయి. నోబెల్ అందని ఆ మహానుభావుడి పేరును మన పిల్లలు ఒక్క బిట్‌గా చదివి దాటిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వర్తమాన అంశాలను వేరే నోట్సులో కాకుండా పాఠం పక్కనే రాసుకోండి. ఉదాహరణకు కొవాగ్జిన్ నిర్వీర్యం చేసిన వైరస్‌తో, కొవిషీల్డ్ చింపాంజీ ఎడినోవైరస్ వాహకంతో, కార్బెవాక్స్ వైరస్ ప్రొటీన్ భాగంతో, జైకోవ్-డి డీఎన్‌ఏతో తయారైన కొవిడ్ టీకాలు. ఇవన్నీ రోగనిరోధక శక్తి అనే ఒక్క పాఠం కిందికే వస్తాయి. కొవాగ్జిన్, కార్బెవాక్స్ రెండూ హైదరాబాద్ సంస్థలవి కావడం గుర్తుంచుకోదగ్గ విషయం. అలాగే 2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని నిర్మూలించాలన్న జాతీయ మిషన్ 2023 జులైలో మొదలైంది. దాన్ని అనువంశికత పాఠంలో హిమోగ్లోబిన్ పక్కన చేర్చండి.

పుస్తకాల విషయంలో నా సమాధానం స్పష్టం: ఇంటర్ పుస్తకాలు మొత్తంగా కొనకండి. వృక్షశాస్త్ర వర్గీకరణ, అంతర నిర్మాణ శాస్త్రాల్లో మీరు పెట్టే నెలకు తగిన మార్కులు రావు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠ్యపుస్తకాలు చాలు. పోషణ, శ్వాసక్రియ, రక్తప్రసరణ, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి, అనువంశికత, పర్యావరణం అనే క్రమంలో రోజుకు గంట చొప్పున చదివితే రెండు నెలల్లో ఒక ఆవృత్తి పూర్తవుతుంది. పాఠం చదివిన రోజు బిట్లు తెరవకండి. రెండు రోజులు ఆగి, మీ దగ్గరున్న బిట్లలో ఆ పాఠానికి సంబంధించినవి మాత్రమే చేసి, తప్పినవాటిని పాఠంలో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. కీలో ఉన్న జవాబు పాఠ్యపుస్తకంతో సరిపోకపోతే పాఠ్యపుస్తకాన్నే నమ్మండి. తెలుగు, ఇంగ్లిష్ పదాలు రెండూ పక్కపక్కన రాసుకోవడం కూడా అవసరం, ఎందుకంటే క్లోమం, ప్లీహం (స్ప్లీన్) వంటి మాటలు పరీక్ష గదిలో ఒక్కసారిగా ఎదురైతే బాగా చదివినవారు కూడా తికమకపడతారు. ఇంటర్ పుస్తకం కావాలనిపిస్తే జంతుశాస్త్రంలో మానవ ఆరోగ్యం, వ్యాధుల అధ్యాయాన్ని, జన్యుశాస్త్రంలో రక్తవర్గాల భాగాన్ని గ్రంథాలయంలో చదువుకుంటే సరిపోతుంది.